నీళ్లలో కరిగేదా, నూనెలో కరిగేదా: ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

చొక్కా మీద సాంబారు ఒలికితే చాలామంది చేసే మొదటి పని కుళాయి దగ్గరికి పరుగెత్తడం. పచ్చిమిర్చి తరిగిన చేతులు మండినా అంతే, కొత్త స్టీలు గిన్నెకు స్టిక్కరు జిగురు అంటుకుని ఉన్నా అంతే. నీళ్లు పోసి రుద్దుతాం, పోకపోతే ఇంకాస్త గట్టిగా రుద్దుతాం. అక్కడ లోపం మన చేతి బలంలో లేదు. ఆ పదార్థం నీళ్లకు లొంగే రకం కాదు, నూనెకు లొంగే రకం. ఏది దేనికి లొంగుతుందో ముందే తెలిస్తే రుద్దే శ్రమ తగ్గుతుంది, వంటలో రంగు, వాసన, విటమిన్లు కూడా దండగ కావు. తేల్చుకోవడానికి కావలసిన సరంజామా అంతా వంటింట్లోనే ఉంది.

మొదట రెండు గ్లాసులు

రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో సగం వరకు గోరువెచ్చని నీళ్లు, రెండోదానిలో అంతే నూనె పోయండి. నూనె లేత రంగుదై ఉండాలి. పొద్దుతిరుగుడు నూనె సరిపోతుంది. గానుగ నువ్వుల నూనెకు సొంత రంగు ఎక్కువ కాబట్టి ఈ పనికి వద్దు. నూనె గ్లాసునూ దాని చెంచానూ తడి లేకుండా తుడవండి. ఒక్క నీటి చుక్క ఉన్నా ఫలితం తారుమారవుతుంది.

ముందు చిటికెడు ఉప్పు రెండింటిలోనూ వేసి కలపండి. నీళ్లలో ఇట్టే మాయమవుతుంది. నూనెలో ఎంత తిప్పినా రవ్వలు రవ్వలుగా అడుగున కూర్చుంటుంది. చక్కెర సంగతీ ఇంతే. కాకపోతే రెండింటికీ ఒక తేడా ఉంది. 25 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్లు సుమారు 36 గ్రాముల ఉప్పును, 200 గ్రాముల దాకా చక్కెరను కరిగించుకుంటాయి. నీళ్లను మరిగించినా ఉప్పు 39 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. చక్కెర మాత్రం వేడి పెరిగేకొద్దీ రెట్టింపు దాటి కరుగుతూనే ఉంటుంది. పాకం పట్టడమనే విద్య అంతా దీని మీదే నడుస్తుంది. ఉప్పుతో ఎవరూ పాకం పట్టలేరు.

ఇప్పుడు గ్లాసులు మార్చి పసుపు వేయండి. చాలామంది పొరబడేది ఇక్కడే. నీళ్లు పచ్చగా మారతాయి, దాంతో కరిగిపోయిందనుకుంటాం. కదపకుండా ఓ అరగంట వదిలేసి రండి. నీళ్ల గ్లాసులో పొడి అడుగుకు దిగి, పైన పల్చని, కొద్దిగా మబ్బు పట్టినట్టున్న నీళ్లు మిగులుతాయి. నూనె గ్లాసులోనూ అడుగున పొడి ఉంటుంది, ఎందుకంటే పసుపులో ఉండే పిండి, పీచు దేనిలోనూ కరగవు. అయితే దాని పైనున్న నూనె చిక్కని పసుపు రంగు ఎక్కి, గ్లాసు వెనక వార్తాపత్రిక పెడితే అక్షరాలు చదువుకునేంత తేటగా ఉంటుంది. చూడాల్సింది అడుగున మిగిలిన పొడిని కాదు, పైన నిలిచిన ద్రవాన్ని. తేటగా ఉండి రంగు మారితే కరిగినట్టు. మబ్బుగా ఉంటే తేలుతున్నట్టు, అంతే.

ఇదే పద్ధతిలో ఎండుకారం, సన్నగా తరిగిన బీట్‌రూట్ ముక్క, ఒక కర్పూరం బిళ్ల పరీక్షించండి. కారం నూనెను ఎర్రగా చేస్తుంది. బీట్‌రూట్ నీళ్లను రంగు నీళ్లుగా మార్చేస్తుంది, నూనెను మాత్రం ముట్టుకోదు. కర్పూరం నీళ్ల మీద తేలుతూ అటూ ఇటూ పరుగులు పెడుతుంది, చూడటానికి భలే సరదాగా ఉంటుంది. చిదిపి నూనెలో వేస్తే నెమ్మదిగా కరిగిపోతుంది. కర్పూరానికి మంట తొందరగా అంటుకుంటుంది కాబట్టి ఆ నూనెను పొయ్యి మీద పెట్టవద్దు. పూజ కర్పూరం కలిసిన ఆ నూనెను తర్వాత వంటకూ వాడవద్దు.

తర్వాత ఒక సీసా

రెండు గ్లాసుల పరీక్షలో ఇంకా అనుమానం మిగిలితే ఒక చిన్న గాజు సీసాలో సగం నీళ్లు, సగం నూనె పోసి, పరీక్షించే పదార్థం కొద్దిగా వేసి, మూత బిగించి నిమిషం సేపు గట్టిగా కుదపండి. నిటారుగా పెట్టి వదిలేయండి. నూనె సాంద్రత నీటిలో 0.92 వంతు దాకా ఉంటుంది కాబట్టి అది పైకి చేరుతుంది. రంగు పై పొరకు చేరిందా, కింది పొరకా? పదార్థం తన చోటు తానే ఎంచుకుంటుంది, మనం చూడటమే. కారం, బీట్‌రూట్ ముక్కలు ఒకే సీసాలో వేసి చూస్తే పైన నారింజ, కింద గులాబీ రంగు పొరలు వేర్వేరుగా నిలుస్తాయి. పిల్లలున్న ఇంట్లో ఇది తప్పక చేయాల్సిన పని.

దీన్ని పిల్లలాట అని తీసిపారేయకండి. హైదరాబాద్‌లో మందులు తయారు చేసే సంస్థల్లో పనిచేసే రసాయన శాస్త్రజ్ఞులకు ఈ సీసా లెక్క రోజువారీ వ్యవహారం. వాళ్లు వంటనూనె బదులు ఆక్టనాల్ అనే ద్రవం వాడతారు. కొత్త మందు అణువు నీళ్లలో ఎంత, ఆక్టనాల్‌లో ఎంత చేరిందో కొలిచి, ఆ నిష్పత్తిని లాగ్ పి అనే అంకెగా రాస్తారు. ఆ అంకె 2 అయితే నూనె వైపు నూరు రెట్లు ఎక్కువ ఉందని అర్థం. నోటి ద్వారా వేసుకునే మందుకు ఈ అంకె 5 దాటకపోవడం మంచిదని క్రిస్టఫర్ లిపిన్‌స్కీ 1997లో చెప్పిన నియమాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. మరీ నూనె వైపు మొగ్గే మందు కడుపులోని ద్రవాల్లో కరగదు, మరీ నీళ్ల వైపు మొగ్గేది కొవ్వుతో అల్లిన కణాల పొర దాటలేదు.

ఎందుకిలా అంటే

నీటి అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు ఉంటాయి. అవి ఒకే గీత మీద లేవు, 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉన్నాయి. ఆక్సిజన్ వైపు కొంచెం రుణావేశం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనావేశం. ఆ వంపే లేకపోతే రెండు వైపుల ఆవేశాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి, అప్పుడు ఉప్పు నీళ్లలో కరిగేది కాదు. ఉప్పు రవ్వ నిండా ఆవేశమున్న కణాలే, వాటినే అయాన్లంటారు. ధనావేశమున్న సోడియం అయాన్ల చుట్టూ నీళ్లు తమ ఆక్సిజన్ వైపును, రుణావేశమున్న క్లోరైడ్ అయాన్ల చుట్టూ హైడ్రోజన్ వైపును తిప్పి, వాటిని ఒక్కొక్కటిగా ఊడదీసుకుపోతాయి. చక్కెరలో అయాన్లు లేవు గానీ, దాని అణువుకు నీళ్లు పట్టుకోగలిగే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు ఎనిమిది ఉన్నాయి.

నూనె అణువు పొడవాటి కొవ్వు ఆమ్లాల గొలుసులు మూడు కలిసిన జడ. ఒక్కో గొలుసులో ఎక్కువగా 16 లేదా 18 కార్బన్లు, వాటికి అతుక్కుని హైడ్రోజన్లు. కార్బన్‌కూ హైడ్రోజన్‌కూ మధ్య ఆవేశంలో తేడా నామమాత్రం. నీళ్లు పట్టుకోవడానికి అక్కడ ఏమీ దొరకదు.

నూనె నీళ్లను తరిమేస్తుంది అని బడిలో చెప్పిన మాట నిజానికి సరికాదు. రెండింటి మధ్యా బలహీనంగానైనా ఆకర్షణే ఉంది, లేకపోతే నూనె చుక్క నీళ్ల మీద పల్చగా పరుచుకునేదే కాదు. అసలు కథ నీటి అణువుల మధ్య నడుస్తుంది. అవి ఒకదానితో ఒకటి కోలాటం ఆడుతున్నట్టు ఉంటాయి, క్షణానికో జతగాడితో కోలలు తగిలించి మారిపోతూ. మధ్యలోకి కోలలు లేని మనిషి వచ్చి నిలబడితే చుట్టూ ఉన్నవాళ్లు అతని వైపు కోల చాపలేరు, పక్కకే తిరిగి ఆడాలి, వాళ్ల కదలికకు స్వేచ్ఛ తగ్గుతుంది. అలాంటివాళ్లు పదిమంది పది చోట్ల నిలబడే కంటే అందరినీ ఒక మూలకు చేర్చేస్తే ఆటకు అడ్డు తక్కువ. సీసాలో నూనె చుక్కలు కలిసిపోయి ఒకే పొరగా మారేది అందుకే. కలిసిపోవాలన్న కోరిక నూనెది కాదు, నీళ్లది.

పేరు చూసి ఊహించడం

ఏ పదార్థం ఎటు పోతుందో సీసా లేకుండా ఊహించడానికి ఒక మోటు లెక్క ఉంది. అణువులో కార్బన్లెన్నో, ఆక్సిజన్లెన్నో చూడండి. విటమిన్ సి: 6 కార్బన్లు, 6 ఆక్సిజన్లు, కాబట్టి నీళ్లలో కరుగుతుంది. విటమిన్ ఎ: 20 కార్బన్లు, ఒకే ఒక్క ఆక్సిజన్, అది నూనెది. విటమిన్ డి3: 27 కార్బన్లకు ఒక ఆక్సిజన్, అదీ నూనెదే. సూత్రాలు ఫోనులో వెతికితే అర నిమిషంలో దొరుకుతాయి.

మధ్యరకం అణువులూ ఉన్నాయి. స్పిరిట్, శానిటైజర్లలో ఉండే ఇథనాల్‌కు రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్. అది నీళ్లతో ఏ పాళ్లలోనైనా కలుస్తుంది, నూనె రకం రంగులను కూడా చాలావరకు కరిగిస్తుంది. అదే కుటుంబంలో నాలుగు కార్బన్ల బ్యూటనాల్ నీళ్లలో కొంతే కలుస్తుంది. ఎనిమిది కార్బన్ల ఆక్టనాల్ దాదాపు కలవదు. తోక పెరిగేకొద్దీ నీళ్ల పక్షం వీడి నూనె పక్షం చేరడం ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు.

కుంకుమపువ్వు ఈ లెక్కకు మంచి పరీక్ష. క్యారెట్ రంగుకూ కుంకుమపువ్వు రంగుకూ మూలం కెరోటినాయిడ్లు అనే ఒకే రంగు పదార్థాల కుటుంబం. క్యారెట్ రంగు నూనెలో దిగుతుంది. కుంకుమపువ్వు మాత్రం గోరువెచ్చని పాలల్లో, నీళ్లల్లో రంగు వదులుతుంది, ఎందుకంటే దాని అణువు రెండు కొసలకూ చక్కెరలు తగిలించుకుని ఉంది.

వంటలో వాడుకోవడం

ఇంగువ, ఎండుమిర్చి, కరివేపాకు వాసనలు నూనె రకం. అందుకే పోపు. వాటిని నేరుగా మరిగే చారులో వేస్తే వాసనలో చాలా భాగం ఆవిరితో పాటు వంటింట్లోకి పోతుంది, చారుకు మిగిలేది కొంచెమే. వేడి నూనెలో వేస్తే నూనె ఆ వాసనను పట్టి ఉంచి వంటకం అంతా పంచుతుంది. పోపులో ఉప్పు వేయడం వృథా, అది కరిగేది తర్వాత తడి తగిలినప్పుడే. ముద్ద ఇంగువను నీళ్లలో నానబెట్టి పోసేవారిని చూసి ఇదేమిటని అనుకోవచ్చు. ఇంగువలో నీళ్లలో కరిగే బంక కూడా ఉంది. అది వాసననిచ్చే భాగాన్ని సన్నని బిందువులుగా మోస్తుంది. ఆ నీళ్లు పాలలా తెల్లగా కనిపించేది అందుకే.

ఆకుకూర, క్యారెట్, గుమ్మడి కూరల్లో ఒక చెంచా నూనె ఉండాలి. వాటిలో ఉండే విటమిన్ ఎ మూలాలు కొవ్వు లేకుండా ఒంటికి సరిగా పట్టవు. డి, ఇ, కె విటమిన్లదీ అదే తీరు. బి, సి విటమిన్లతో జాగ్రత్త దీనికి పూర్తిగా వ్యతిరేకం: కూరగాయలను తరగక ముందే కడగాలి, తరిగాక కాదు. బియ్యాన్ని నీళ్లు తేటపడేదాకా మళ్లీ మళ్లీ కడిగితే, అన్నం వార్చి గంజి పారబోస్తే వాటితోపాటు బి1 కూడా పోతుంది. ఉప్పుడు బియ్యంలో ఈ నష్టం తక్కువ. ధాన్యాన్ని నానబెట్టి ఆవిరి పట్టేటప్పుడు తవుడులోని బి విటమిన్లు నీళ్లతో పాటు గింజ లోపలికి చేరతాయి కదా.

ఈ వ్యవహారమంతా ఒక్కచోట చూడాలంటే ఆవకాయ జాడీ తెరవండి. కలిపిన రోజున ఉప్పు నూనెలో కరగదు. మామిడి ముక్క కోసిన చోట ఉన్న తడిలో కరిగి, ముక్కలోంచి ఇంకా నీళ్లు లాగుతుంది. మూడో రోజు తిరగకలిపేటప్పుడు కింద కనిపించే చిక్కని ఊట అదే. పులుపు, ఉప్పు అందులో ఉంటాయి. పైన ఎర్రగా తేలిన నూనెలో కారమూ, దాని రంగూ ఉంటాయి. పొడి చెంచా కొనతో పైనున్న నూనె మాత్రమే తీసి నాలుకకు రాసి చూడండి, కారం తెలుస్తుంది, ఉప్పు దాదాపు తెలియదు. రెండింటి మధ్య ఆవపిండి మధ్యవర్తిలా ఉండి బిందువులను కొంతమేర పట్టి ఉంచుతుంది. నూనె ముక్కల మీదికి తేలి నిలవాలని పెద్దవాళ్లు పట్టుబట్టేది గాలి తగలకుండా. తడి గరిటె పెడితే ఆ చోట ఊటలో ఉప్పు పల్చబడి బూజుకు దారి దొరుకుతుంది.

ఇంక కారం నోటిని మండిస్తే? ఆ మంట పుట్టించే క్యాప్సైసిన్ నూనె రకం, నీళ్లు తాగితే నోరంతా పరుచుకోవడమే. పాలు, పెరుగు తీసుకోండి. వాటిలోని కొవ్వు, కేసిన్ అనే ప్రోటీన్ ఆ అణువులను నాలుక మీదనుంచి లాక్కుపోతాయి. ఆవకాయ అన్నంలో నెయ్యి వేసుకోవడం, భోజనం చివర పెరుగన్నం తినడం నోటికి తెలిసిన రసాయన శాస్త్రం. మిర్చి తరిగిన చేతులకు ముందు కొబ్బరి నూనె రాసి నలిపి, ఆ తర్వాత సబ్బుతో కడగండి. కళ్లు మాత్రం ముట్టుకోకండి.

సబ్బు ఎక్కడ అవసరం

సబ్బు అణువుకు ఒక కొస నీళ్లది, మిగతా పొడవంతా నూనెది. నూనె చుక్కలోకి తోకలు గుచ్చి, తలలు నీళ్ల వైపు పెట్టి, చుక్కను నీళ్లతో కొట్టుకుపోయేలా చేస్తుంది. కుంకుడుకాయ, శీకాయల్లోని సపోనిన్లు చేసేదీ ఇదే. నూనె అంటి తలస్నానం చేసే పద్ధతిలో కుంకుడు రసం ఎందుకుందో వేరే చెప్పాలా? మీ సీసాలో ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం వేసి కుదిపి చూడండి, ఇందాక నిమిషాల్లో విడిపోయిన పొరలు ఇప్పుడు తెల్లని పాలలా మారి చాలాసేపు అలాగే నిలుస్తాయి.

జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఆగ్నెస్ పాకెల్స్ అనే ఆమె, ఆడపిల్ల కావడం వల్ల విశ్వవిద్యాలయంలో చదివే అవకాశం లేక, వంటింటి గిన్నెల నీళ్ల మీద నూనె, సబ్బు పొరలు ఎలా ప్రవర్తిస్తాయో ఇంట్లోనే కొలిచింది. బ్రిటిష్ భౌతిక శాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీకి ఆమె రాసిన ఉత్తరం 1891లో నేచర్ అనే సైన్స్ పత్రికలో అచ్చయింది. ఆ రంగంలో తర్వాత వచ్చిన పరికరాలకు ఆమె కొలతలకు వాడిన నీళ్ల తొట్టే మూలం.

బోరు నీళ్లలో సబ్బు నురగ రాకపోతే తప్పు సబ్బుది కాదు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును తెల్లని తెట్టుగా మార్చేస్తాయి. అలాంటి చోట డిటర్జెంట్ వాడండి.

మరకల వరస

పనస కోసే ముందు చేతికీ కత్తికీ నూనె రాసే అలవాటు అందరికీ తెలిసిందే. స్టీలు గిన్నె మీది స్టిక్కరు జిగురుకూ అదే మందు. కొబ్బరి నూనె రాసి పావుగంట ఆగి తుడిస్తే వచ్చేస్తుంది. కాటుక కూడా అంతే. బాల్‌పెన్ మరకకు శానిటైజర్, ఫౌంటెన్ పెన్ సిరాకు చల్లని నీళ్లు. రక్తం మరకకూ చల్లని నీళ్లే. వేడి నీళ్లు పోస్తే అందులోని ప్రోటీన్ ఉడికి గుడ్డకు కరుచుకుంటుంది.

సాంబారు మరకలో అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి వరస ముఖ్యం. ముద్దగా ఉన్నది చెంచా అంచుతో గీకి తీయండి, రుద్దకండి. గుడ్డ వెనక వైపు నుంచి చల్లని నీళ్లు పోస్తే చింతపండు రసం, ఉప్పు పోతాయి. తర్వాత గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు నూనె ఉన్న చోట రాసి పది నిమిషాలు ఉంచి కడగండి. ఉతికే సబ్బు రాస్తే పసుపు మరక ఒక్కసారిగా ఎర్రబడుతుంది. కంగారు పడకండి, అది క్షారం తగిలిన పసుపు చూపే రంగు. పసుపులో సున్నం కలిపి కుంకుమ చేసేది ఇదే గుణంతో. నిమ్మరసం చుక్క వేస్తే తిరిగి పచ్చబడుతుంది. మిగిలిన పచ్చదనానికి మరక కింద తెల్లని పాత గుడ్డ మడతపెట్టి, పైనుంచి దూదితో శానిటైజర్ అద్దండి. కింది గుడ్డకు రంగు దిగినప్పుడల్లా మడత మార్చండి. అంచు లోపలి మడతలో ముందు ఒక చుక్క వేసి, బట్ట రంగు దిగడం లేదని చూసుకోండి. ఆ తర్వాత తడి మీదే ఎండలో ఆరేయండి. పసుపు రంగుకు ఎండ పడదు, ఒకటి రెండు ఎండలకు మరక వెలిసిపోతుంది.

కిరసనాయిలు, టర్పెంటైన్ నూనె మరకలను బాగానే తీస్తాయి గానీ పొయ్యి ఉన్న గదిలో వాడవద్దు. చేతికంటిన ఎనామెల్ రంగుకు, ఆరక ముందే అయితే, వంటనూనే చాలు.

నీళ్లకూ నూనెకూ రెండింటికీ లొంగనివి చివరగా మిగులుతాయి: తుప్పు, బకెట్టు అడుగున కట్టిన తెల్లని పొర, నల్లబడిన ఇత్తడి. వీటిని కరిగించడం కాదు, మార్చాలి. చింతపండు ఇత్తడి మీది మసిని తీసేది దానిలోని ఆమ్లం ఆ పొరతో చర్య జరిపి, నీళ్లలో కరిగే లవణంగా మారుస్తుంది కాబట్టే. బకెట్టు పొరకు వెనిగర్ పోసి గంటసేపు వదిలేయండి. ఈ పనుల్లో బాత్రూం యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎప్పుడూ కలపకండి, ఒకదాని వెంట ఒకటి కూడా వాడకండి. వాటి కలయికలో క్లోరిన్ వాయువు వస్తుంది. బ్లీచింగ్ వాడిన రోజున అదొక్కటే వాడి, కిటికీ తెరిచి ఉంచండి.